ఈ గట్టుదా, ఆ గట్టుదా? పిల్లలకు ఫార్వర్డ్ మెసేజ్‌లు పరీక్షించడం నేర్పే పద్ధతి

2025 ఆగస్టు 15న ఆంధ్రలో ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలైంది. రెండు రోజులు తిరిగేసరికి ఆ మెసేజ్ ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మా వీధి ఫోన్లన్నింటిలోకీ వచ్చేసింది. మా మేనత్త ఏరు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్లి, టెక్కలి బస్సెక్కి, దర్జాగా ఆధార్ కార్డు తీసి చూపించింది. కార్డు మీద గజపతి జిల్లా, ఒడిశా అని ఉంది. కండక్టర్ మర్యాదగానే టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చాక అత్త ఫోన్ మంచం మీద పడేసి, "అన్నీ అబద్ధాలే పంపుతారు" అని వారం రోజులు తిట్టింది.

ఆ మెసేజ్‌లో అబద్ధం ఒక్క ముక్క లేదు. పథకం ఆంధ్రలో ఉండే ఆడవాళ్లకు, గుర్తింపు కార్డు మీద ఆ రాష్ట్రం చిరునామా ఉండాలి. నిజమే ఏరు దాటి వచ్చి మా దగ్గర తప్పుగా మారింది.

సాయంత్రాలు హైస్కూలు పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటూ, ఆదివారాలు ఈ ఫార్వర్డ్‌ల గొడవ కూడా నేర్పుతుంటాను. అంతకుముందు "ఇది నిజమా, అబద్ధమా?" అని మొదలుపెట్టేవాణ్ణి. అత్త బస్సు ప్రయాణం తర్వాత మొదటి ప్రశ్న మార్చేశాను. "ఇది ఏ గట్టుది?" అంటే ఒడిశాదా, ఆంధ్రదా అని. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు ఉండే తెలుగువాళ్లకు రెండు రాష్ట్రాల గ్రూపులూ ఒకే ఫోన్‌లో ఉంటాయి. అందుకే మనకు పనికొచ్చే క్రమం ఇది అని నా నమ్మకం. మీరు టీచరైనా, ట్యూషన్ మాస్టారైనా, ఇంట్లో పెద్దక్కైనా సరే, చేసి చూడండి.

మొదలుపెట్టే ముందు

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ వరకు పిల్లలు ఎనిమిది, పది మంది చాలు. రామమందిరం అరుగైనా సరిపోతుంది. ముగ్గురికి ఒక ఫోన్, అందరికీ కలిపి ఒక లావుపాటి నోట్‌బుక్, కొంచెం సుద్ద ఉంటే చాలు.

ఒక్క రోజులో ముగించేద్దాం అనుకోకండి. బిహార్‌లో దీని మీద రెండు ప్రయోగాలు జరిగాయి, రెండింటిలోనూ సుమిత్రా బద్రీనాథన్ అనే పరిశోధకురాలు ఉన్నారు. 2019 లోక్‌సభ ఎన్నికల ముందు 1,200 మందికి పైగా మనుషుల్ని తీసుకుని, వాళ్లలో కొందరికి వాళ్ల ఇళ్ల దగ్గరే గంటసేపు నేర్పించి, మిగతావాళ్లతో పోల్చారు. సగటున చూస్తే తేడా ఏమీ కనపడలేదు. తర్వాతి ప్రయోగంలో 583 గ్రామాల నుంచి 13,000 మందికి పైగా పిల్లల్ని తీసుకుని, వాళ్లలో కొందరిని గ్రంథాలయాల్లో కూర్చోబెట్టి, వారాల తరబడి విడతలుగా ఈ క్లాసులు చెప్పారు. ఈసారి పిల్లలకు తేడా తెలిసింది. నాలుగు నెలల తర్వాత అడిగినా గుర్తుంది. ఇంకో విశేషం ఏమిటంటే, క్లాసుకే రాని వాళ్ల అమ్మానాన్నలు కూడా మెరుగుపడ్డారు. కాబట్టి నాలుగు ఆదివారాలు పెట్టుకోండి, మధ్యలో వారమో రెండు వారాలో వదలండి. ఆ ఖాళీలో పిల్లలు ఇంట్లో చేసే పనే అసలు పాఠం.

మన దగ్గర భాష చిక్కు ఒకటుంది. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవమంటే కూడబలుక్కుంటారు. మొదట్లో ఇది ఇబ్బంది అనుకున్నాను. ఇప్పుడు మెసేజ్‌ని పైకి, నెమ్మదిగా, అక్షరం అక్షరం చదవమని నేనే అంటాను. అలా చదివేటప్పటికి సగం మెసేజ్‌ల దమ్ము అక్కడే దిగిపోతుంది. గబగబా చూసి పంపేయడానికి రాసినవి నెమ్మదిగా చదివితే నిలబడవు.

రాజకీయం, మతం మొదటి మూడు ఆదివారాలు ముట్టుకోకండి. పిల్లవాడు పరీక్షించడం నేర్చుకోకముందే వాళ్ల నాన్న పార్టీని కాపాడే పనిలో పడతాడు.

మొదటి ఆదివారం: పది రూపాయల నాణెం, సుద్ద గీత

ఫోన్లు పక్కన పెట్టించండి. పిల్లల్ని తలా రెండు పది రూపాయల నాణేలు తెమ్మనండి. మన బజార్లలో ఈ నాణెం మీద ఎన్నేళ్లుగా గొడవో మీకు తెలుసు. ₹ గుర్తు ఉన్నదే అసలుదట, గీతలు పది ఉంటే మంచిదట, పదిహేను ఉంటే నకిలీదట. పిల్లల్ని లెక్కపెట్టమనండి. నాణెం మీద సంవత్సరం చదవమనండి. ఆ తర్వాత ఒక్క మాట చెప్పండి: ₹ గుర్తును ప్రభుత్వం 2010లో తీసుకొచ్చింది. ఇక ఊరుకోండి. ఎవరో ఒకరు, "అయితే మాస్టారూ, అంతకుముందు అచ్చేసిన వాటి మీద ఆ గుర్తు ఎలాగుంటాది?" అంటారు. ఆ ప్రశ్న వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా ఓపిక పట్టండి, తొందరపడి మీరు అనేయకండి. అప్పుడు చెప్పండి, 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు 14 రకాల డిజైన్లు ఉన్నాయని, అన్నీ చెల్లుతాయని ప్రకటించింది అని.

తర్వాత నేల మీద సుద్దతో పొడుగ్గా గీత గీయండి. ఈ పక్క ఒడిశా, ఆ పక్క ఆంధ్ర. మీరు ముందే చీటీల మీద మెసేజ్‌లు రాసి ఉంచుకోండి. పిల్లలు ఒక్కో చీటీ తీసి, చదివి, ఏ పక్క పెట్టాలో పెడతారు. సుభద్ర పథకం చీటీ ఈ పక్కకు వస్తుంది: 21 నుంచి 60 ఏళ్ల లోపు ఒడిశా మహిళలకు ఏడాదికి రెండు విడతల్లో 10,000 రూపాయలు. పాతపట్నంలో ఉన్న పిన్నికి అది రాదు. ఉచిత బస్సు ఆ పక్కకు. సెలవు ప్రకటనలు, పరీక్షల తేదీలు, రేషన్ కార్డు కొత్త రూల్స్, ఇవి కలెక్టర్ పేరు, జిల్లా పేరు చూడకుండా పెట్టకూడదు. తుఫాను హెచ్చరిక చీటీ దగ్గర గొడవ మొదలవుతుంది. ఒకడు ఈ పక్క అంటాడు, ఇంకొకడు ఆ పక్క అంటాడు. చివరికి ఎవరో గీత మీదే పెడతారు. పెట్టనివ్వండి, దాని పని వచ్చే వారం.

ఇంటి పని: ఇంట్లో ఫోన్ల నుంచి తలా మూడు మెసేజ్‌లు తేవాలి. ఎవరు పంపారో చెప్పకూడదు. ఈ నియమం గట్టిగా పాటించండి. మొదటి బ్యాచ్‌లో నేను ఊరుకున్నాను, ఒక పిల్ల వాళ్ల పెదనాన్న పేరు చెప్పేసింది, అందరూ నవ్వారు, మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. తప్పు నాదే.

రెండో ఆదివారం: ఎప్పటిది?

మన జిల్లాల్లో అక్టోబరు అంటే తుఫాను నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి మన గజపతి జిల్లా కొండల దాకా వచ్చింది. ఈ మూడు తేదీలూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాయించండి. ఏ ఏడాది వాయుగుండం పుట్టినా ఈ తుఫాన్ల వీడియోలే "ఇప్పుడే వచ్చిన వార్త" అంటూ తిరిగి వస్తాయి.

వీడియోను ఎక్కడైనా ఆపి స్క్రీన్‌షాట్ తీయమనండి. మొహాలున్న చోట కాదు, దుకాణం బోర్డో, బండి నంబరో కనపడేచోట ఆపాలి. దాన్ని గూగుల్ లెన్స్‌లో పెడితే అదే బొమ్మ అంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. కిందికి జరిపి, అన్నింటికన్నా పాత తేదీ వెతకాలి. అదొక్కటే దొరికితే చాలు, మిగతా వాదన అక్కర్లేదు.

దొరక్కపోతే కళ్లతో పని. ఈ విషయంలో పిల్లలు మనకన్నా చురుకు. నంబరు ప్లేటు మీద ఓడీ 20 ఉంటే గజపతి, ఓడీ 07 గంజాం, ఓడీ 18 రాయగడ, ఓడీ 10 కొరాపుట్. బోర్డు ఏ లిపిలో ఉంది, వెనక అరుస్తున్న వాళ్లు ఏ భాషలో అరుస్తున్నారు, కరెంటు స్తంభం ఎలా ఉంది. ఒకసారి "గుణుపురంలో వరద" అని వచ్చిన వీడియోలో బోర్డు మలయాళంలో ఉందని ఎనిమిదో తరగతి కుర్రాడు పట్టుకున్నాడు. వాడికి మలయాళం రాదు. "మనది కాదు, తెలుగు కాదు, గుండ్రంగా ఉంది కానీ ఒడియా కాదు" అన్నాడు, అంతే.

ఇక గీత మీద మిగిలిపోయిన చీటీ. వానకీ ఏటికీ సరిహద్దు లేదు. గుణుపురం మీదుగా పారే వంశధారే కింద శ్రీకాకుళం జిల్లాలో గొట్టా బ్యారేజీకి చేరుతుంది. మన కొండల్లో వాన పడితే వాళ్ల పొలాలు మునుగుతాయి. కాబట్టి తుఫాను విషయంలో రెండు చోట్లా చూడాలి: భువనేశ్వర్‌లోని వాతావరణ కేంద్రం, విశాఖలోని తుఫాను హెచ్చరిక కేంద్రం. రెండూ భారత వాతావరణ శాఖవే. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో మీ జిల్లా ఏ రంగులో ఉందో, ఏ తేదీకో చదవడం నేర్పండి. రంగు చెప్పి తేదీ చెప్పని మెసేజ్‌ను నమ్మొద్దనండి.

ఇక్కడ కాసేపు ఆగాలి. నేర్పేవాళ్లు ఎక్కువగా పడే గుంత ఇదే, నేనూ పడ్డాను. మొదటి బ్యాచ్‌కు వరసగా అబద్ధాలే చూపించాను. నాలుగో వారానికి పిల్లలు దేన్ని చూపించినా "ఫేక్" అని అరవడం మొదలెట్టారు. నిజమైన ఆరెంజ్ హెచ్చరికను కూడా ఫేక్ అన్నారు. తిత్లీ అప్పుడు గజపతి కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు, ఆ జిల్లాలో కూర్చుని హెచ్చరికను ఎగతాళి చేసే పిల్లల్ని తయారుచేశానన్నమాట. దేన్నీ నమ్మని పిల్లవాడు, అన్నీ నమ్మే వాళ్ల తాత, ఇద్దరూ మెసేజ్ చదవలేదు. అప్పటి నుంచి నేను తెచ్చే చీటీల్లో సగం కచ్చితంగా నిజాలే ఉంటాయి. నిజాన్ని నిజమని, ఎందుకో కారణంతో చెప్పినవాళ్లకు రెండు మార్కులు, అబద్ధం పట్టినవాళ్లకు ఒకటి.

మూడో ఆదివారం: ఎవరు చూశారు?

ఇది బరువైన రోజు, పెద్ద పిల్లలతోనే చేయండి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకారు తిరిగింది. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలోని రైన్‌పాడా అనే ఊళ్లో, భిక్షాటన చేసుకుంటూ వచ్చిన అయిదుగురు సంచారుల్ని జనం కొట్టి చంపేశారు. ఆ రోజుల్లో బాగా తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది కరాచీలో తీసిన అవగాహన చిత్రం. అసలు వీడియోలో వాళ్లు వెంటనే వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దింపి, పిల్లల్ని ఎత్తుకుపోవడం గురించి హెచ్చరిస్తూ రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కోసేశారు.

ఇది చెప్పి వదిలేస్తే కథ విన్నట్టు వింటారు. చేయించండి. ఒక పిల్లవాడు చెరువు గట్టున జారబోతున్నట్టు నటిస్తాడు, ఇంకొకడు చెయ్యి పట్టి గట్టిగా లాగుతాడు, తర్వాత ఇద్దరూ నవ్వుకుంటారు. మొత్తం 20 సెకన్లు. ఇప్పుడు ముందు అయిదు, వెనక పది కోసేయండి. మిగిలిన దాంట్లో ఒకడు ఇంకొకణ్ణి ఈడ్చుకుపోతున్నట్టు ఉంటుంది. పిల్లలు ఒక్క నిమిషం మాట్లాడరు. తమ చేత్తో కోసిన వీడియో తమనే మోసం చేస్తుంటే వచ్చే ఆ మౌనానికి నా ఉపన్యాసాలన్నీ కలిపినా సరితూగవు.

కానీ జాగ్రత్త. వీడియో మీ ఫోన్‌లోనే తీయండి, నెట్ ఆపేసి తీయండి, అక్కడే చెరిపేయండి. ఒకసారి ఓ కుర్రాడి ఫోన్‌లో తీయించాను. సరదాకు వాళ్లింటి గ్రూపులో పెట్టాడు. పావుగంటలో బరంపురం నుంచి వాళ్ల మామ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆ రాత్రి వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాను.

మిగతా సమయం వాయిస్ మెసేజ్‌లకు ఇవ్వండి. మన అమ్మమ్మలు రాతకన్నా గొంతును నమ్ముతారు. "మా తోడల్లుడి స్నేహితుడు కళ్లారా చూశాడు" అనగానే, ఆ గొలుసును వెనక్కి పట్టుకు వెళ్లాలి. నువ్వు చూశావా? లేదు. నీకు చెప్పినవాడు చూశాడా? వాడికి ఎవరు చెప్పారు? ఏ ఊరు, ఏ వీధి, ఏ రోజు? మూడో మెట్టు దాటి ఎవరూ చెప్పలేరు. అప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "నిప్పు లేనిదే పొగ రాదు కదా మాస్టారూ" అని. దీనికి మా క్లాసులో ఒక పిల్ల ఇచ్చిన జవాబు నేను ఇప్పటికీ వాడుకుంటున్నాను: "దోమలకి సాయంత్రం వేపాకు పొగ వేస్తాం. ఊరు తగలబడినట్టా?"

వాట్సాప్‌లో జంట బాణం గుర్తు గురించి రెండు మాటలు చాలు. అయిదు, అంతకన్నా ఎక్కువ చేతులు మారి వచ్చిన దానికి ఆ గుర్తు పడుతుంది, 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. గుర్తు ఉందంటే అబద్ధమని కాదు, బాగా తిరిగిందని మాత్రమే. కాపీ చేసి మళ్లీ అతికించి పంపితే గుర్తు పోతుంది, కాబట్టి లేదని నిశ్చింతగా ఉండొద్దు.

లింకులు ఇంకో బాపతు. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్ బృందం 10 మంది చరిత్ర ఆచార్యులకు, 25 మంది విద్యార్థులకు, 10 మంది నిజనిర్ధారణ చేసేవాళ్లకు కొన్ని వెబ్‌సైట్లు చూపించింది. ఆచార్యులు కూడా అందమైన లోగోలకు, పెద్ద పేర్లకు మోసపోయారు. నిజనిర్ధారణ వాళ్లు ఆ పేజీలో ఎక్కువసేపు కూర్చోలేదు. బయటికి వచ్చి, ఈ సైటు ఎవరిదని వేరేచోట వెతికారు. కొత్త ఊళ్లో సంబంధం వస్తే మనం పెళ్లికొడుకును అడుగుతామా, పక్కింటివాళ్లను అడుగుతామా? అదే పని. తెలుగులో ఫ్యాక్ట్‌లీ అనే నిజనిర్ధారణ సైటు, కేంద్ర ప్రభుత్వ విషయాలకు పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చూడొచ్చు. పథకాలకైతే ఫోన్‌కన్నా మీ అంగన్‌వాడీ అక్కను అడగడం మేలు. ఆ గట్టున గ్రామ సచివాలయం ఉంది. ఓటీపీ అడిగినా, వీడియో కాల్‌లో పోలీసునంటూ "డిజిటల్ అరెస్ట్" అన్నా కాల్ కట్ చేయాలి, చట్టంలో అలాంటి అరెస్టు లేదు. డబ్బు పోతే వెంటనే 1930. ఈ నంబరు మాత్రం బట్టీ పట్టించండి.

నాలుగో ఆదివారం: ఇంట్లో పెద్దవాళ్లతో

కనిపెట్టడం తేలిక, చెప్పడం కష్టం. పదమూడేళ్ల పిల్ల గ్రూపులో అందరి ముందూ "తాతయ్యా, మీరు పెట్టింది ఫేక్" అంటే తాతయ్య మెసేజ్ తీయడు, ఇంకో మూడు పెడతాడు. అందుకే ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి నాటకంలా వేయించండి. ఒకరు మావయ్య, ఒకరు మేనకోడలు.

"మావయ్యా, ఈ గ్యాస్ సబ్సిడీ మెసేజ్ మనకీ వస్తాదా, ఆంధ్రా వాళ్లకేనా?"

"అందరికీ అన్నట్టుంది."

"జిల్లా పేరేటీ రాయలేదు. ఒకసారి నీ ఫోన్‌లోనే చూద్దామా?"

ఇంతే. అబద్ధం అన్న మాట ఎక్కడా రాలేదు. వేలు మావయ్య మీద పడలేదు, మెసేజ్ మీద పడింది. "ఏ గట్టుది?" అన్న ప్రశ్నలో ఉన్న సుఖం ఇదే, ఎవరి పరువూ పోదు. మెసేజ్ తప్పని తేలినా మావయ్య "ఓహో, అది వాళ్లదా" అని నవ్వేసి ఊరుకోవచ్చు. వెతకడం పెద్దవాళ్ల ఫోన్‌లోనే, వాళ్ల చేత్తోనే చేయించమనండి. గ్రూపులో సవరణ పెట్టాలో వద్దో మావయ్య ఇష్టానికి వదిలేయాలి. పెట్టినవాళ్లు నాకు తెలిసి తక్కువే, కానీ రెండోసారి పంపినవాళ్లు ఇంకా తక్కువ.

రాజకీయ మెసేజ్‌లు తేవాలనుకుంటే ఈ రోజు తేవచ్చు, ఒక షరతు మీద: ఎవరైనా ఒకటి తెస్తే, తమ ఇంట్లో ఇష్టపడే పార్టీకి లాభించే మెసేజ్ ఇంకొకటి కూడా తేవాలి. రెండింటికీ ఒకే పరీక్ష. మొహాలు ముడుచుకుంటారు. పర్వాలేదు, వదలకండి.

నెల తర్వాత ఇంకోసారి కలవండి, గంట చాలు. ప్రతివాళ్లూ ఒక్క మెసేజ్ తెచ్చి, ఎక్కడిదో, ఎప్పటిదో, ఎవరు చూశారో నోట్‌బుక్‌లో రాస్తారు. తేలనివి ఉంటాయి, వాటి పక్కన "తేలలేదు, పంపలేదు" అని రాయించండి. ఆ నోట్‌బుక్ పారేయకండి. మా దాంట్లో ఇప్పుడు మూడు అక్టోబర్ల వీడియోలు తేదీలతో సహా ఉన్నాయి. మొన్న మా అత్త ఒక వరద వీడియో పట్టుకుని వస్తే, పిల్లలు ఫోన్ తీయలేదు, పేజీ తిప్పి చూపించారు.